సూర్యారావుపేట స్లీప్ ల్యాబ్: వైర్ల పని భేష్, రిపోర్టు అడిగి రాయించుకోండి

గురక, పగటిపూట కునికిపాట్లు ఉన్నవాళ్లకు రాత్రంతా చేసే నిద్ర పరీక్ష, అంటే పాలీసోమ్నోగ్రఫీ గురించి, విజయవాడ సూర్యారావుపేటలోని ఒక ప్రైవేటు ల్యాబ్‌పై ఈ రివ్యూ.

ముందు మంచి సంగతి. టెక్నీషియన్ టేపుతో తల కొలిచి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, జెల్‌తో చర్మం రుద్ది, ఆ తర్వాతే పేస్టుతో ఎలక్ట్రోడ్లు అంటిస్తాడు. నుదురు, నడినెత్తి, తల వెనక రెండేసి, చెవుల వెనక ఒక్కోటి. ఇంపిడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య కరెంటుకు ఉండే అడ్డు) 5 కిలోఓమ్‌ల లోపుకి దిగేదాకా వదలడు. కళ్ల పక్కన, గడ్డం మీద, మోకాళ్ల కింద కాళ్ల ముందువైపూ వైర్లు పెడతారు. ముక్కుకి ఊపిరి ఒత్తిడి కొలిచే గొట్టం (ప్రెషర్ కాన్యులా), ఊపిరి వేడి పసిగట్టే థర్మిస్టర్ రెండూ ఉన్నాయి. తలకు కొబ్బరినూనె ఉంటే మాత్రం ఇంత శ్రమా వృథా, తెల్లవారేలోపు ఎలక్ట్రోడ్లు ఊడొస్తాయి. తలంటుకుని, నూనె రాయకుండా వెళ్లండి. గోళ్ల రంగు తీసేయండి, ఆక్సిమీటర్ సరిగ్గా చదవదు.

తలకు ఇన్ని వైర్లెందుకంటే, అసలు జబ్బు, అంటే నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా, కనపడేది అక్కడే. గొంతు మూసుకుపోగానే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. ఆ కబురు మెదడుకాండంలోని పారాబ్రాకియల్ కణాల మీదుగా పైకెళ్లి కార్టెక్స్‌ను లేపుతుంది. గొంతు కండరాలు బిగుస్తాయి, ఊపిరి వస్తుంది, మనిషి మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. పొద్దున అడిగితే ఏమీ గుర్తుండదు. కనీసం 10 సెకన్ల నిద్ర తర్వాత ఈఈజీ (మెదడు విద్యుత్ అలల గీత) వేగం ఒక్కసారిగా మారి 3 సెకన్లైనా నిలిస్తే దాన్ని ఎరౌజల్ (క్షణకాలపు మెలకువ) అంటారు. కలలెక్కువగా వచ్చే రెమ్ నిద్రలోనైతే గడ్డం కండరం కూడా ఒక సెకనైనా బిగుసుకోవాలి. ఇంటికిచ్చే చిన్న పెట్టెల్లో చాలావాటికి ఈఈజీ ఉండదు. ఆక్సిజన్ పెద్దగా పడకుండా ఎరౌజల్‌తో ముగిసే హైపాప్నియాలు (ఊపిరి పూర్తిగా ఆగకుండా తగ్గే ఘట్టాలు) వాటికి చిక్కవు. పైగా మెలకువగా దొర్లిన సమయాన్నీ కలిపి భాగిస్తాయి కాబట్టి ఏహెచ్ఐ (గంటకు ఊపిరి ఆగిన, తగ్గిన సార్ల లెక్క) తక్కువ పడుతుంది. 15 దాటాల్సింది 12 అని వస్తే, మధ్యస్థ జబ్బు కాస్తా స్వల్పమైపోతుంది. అందుకే డబ్బు ఎక్కువైనా ల్యాబ్ పరీక్షకే మా ఓటు.

ఇక లోపాలు. ఏసీ 27 మీద పెట్టి వదిలేస్తున్నారు. బెజవాడ ఉక్కలో అది చాలదు. చెమట పడితే ఈఈజీలో నెమ్మదైన అలలు ఊగుతాయి, సాఫ్ట్‌వేర్ వాటిని గాఢనిద్ర కింద జమకడుతుంది. 23కి తగ్గించమనండి. రోడ్డు వైపు గది వద్దనండి, బస్సు హారన్‌కి వచ్చే ఎరౌజల్‌కీ ఊపిరి ఆగి వచ్చేదానికీ తేడా తేల్చడం కష్టం.

పెద్ద లోపం రిపోర్టు. మిషన్ వేసిన ఆటో స్కోరింగ్‌నే ప్రింటు తీసి సంతకం పెడుతున్నారు. గంటకు ఎన్ని ఎరౌజల్స్ వచ్చాయో చెప్పే ఎరౌజల్ ఇండెక్స్ గడి ఖాళీ! ఇంత జాగ్రత్తగా వైర్లు పెట్టి ఆ అంకె ఇవ్వకపోవడం అన్యాయం. 30 సెకన్ల ముక్కలు (ఎపోక్‌లు)గా మనిషి కూర్చుని చూసి స్కోర్ చేయాలని, హైపాప్నియాకు ఆక్సిజన్‌లో 3 శాతం తగ్గుదల లెక్కించారో 4 శాతమో రాయాలని డబ్బు కట్టేముందే మాట్లాడుకోండి. రాత్రి రికార్డింగ్ మొత్తం ఉండే ఈడీఎఫ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి.

ఫారంలో బీపీ, షుగర్ మందులే అడుగుతున్నారు. అవిల్ లాంటి అలెర్జీ మాత్రలు మెలకువను నిలబెట్టే హిస్టమిన్‌ను మెదడులో అడ్డుకుంటాయి, వాటి సంగతి మీరే చెప్పండి. ఏ మందైనా సొంతంగా ఆపొద్దు, డాక్టర్నే అడగండి. మధ్యాహ్నం నుంచి కాఫీ, టీ మానేయండి.

నార్కోలెప్సీ (పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు) అనుమానమైతే ఈ ల్యాబ్ పనికిరాదు. దానికి మర్నాడు పగలు రెండేసి గంటల తేడాతో ఐదు కునుకులు తీయించే ఎంఎస్ఎల్‌టీ పరీక్ష కావాలి, అది ఇక్కడ చేయరు.