ఐస్కోర్రి, అన్‌బోతో, ఇచినా: ఒక్క రోజే ఉంటే ఏది మేలు?

స్పెయిన్ ఉత్తరాన ఉన్న బిల్బావో నగరంలో ఉంటూ వీకెండ్‌కి ఏదైనా మంచి కొండ ఎక్కుదామని అడిగితే ముందుగా వినిపించే పేర్లలో ఈ మూడూ ఉంటాయి. మూడూ బాస్క్ ప్రాంతపు సున్నపురాయి కొండలే. ఏదైనా సరే పొద్దున బయల్దేరి సాయంత్రానికి దిగిరావచ్చు. ఒక్కటే ఎంచుకోమంటే నేను ఐస్కోర్రి అంటాను, అదీ అరాంత్సాసు అనే పుణ్యక్షేత్రం వైపు నుంచి.

ముందు రాయి సంగతి. మన ఇళ్లలో పరిచే తాండూరు బండ, కడప బండ కూడా సున్నపురాయే. తడిసిన బండ మీద కాలు ఎలా జారుతుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడి రాయి సుమారు 11 కోట్ల ఏళ్ల కిందట, లోతులేని వెచ్చని సముద్రంలో పగడాలు, గవ్వలు పేరుకుని ఏర్పడింది. వాననీరు దాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తూ పైన కత్తి అంచుల్లాంటి గాడులు పెట్టింది, లోపల గుహలు తొలిచింది. అందుకే ఎంత వాన కురిసినా నీళ్లు పైన నిలవవు, నేల మింగేస్తుంది. చుట్టూ ఇంత పచ్చగా ఉంది కదా, నీళ్లకేం తక్కువ అనుకుని చిన్న సీసాతో బయల్దేరితే మధ్యాహ్నానికి నాలుక పిడచకట్టుకుపోతుంది. మనిషికి రెండు లీటర్లు ఉండాల్సిందే.

అన్‌బోతో ఎత్తు 1331 మీటర్లు. ఉర్కియోలా కనుమ నుంచి మొదలుపెడితే ఎక్కాల్సింది ఆరువందల మీటర్లే కాబట్టి అంకెలు చూసి ఇదే సులువనుకుంటారు. చాలాదూరం సులువే. పచ్చికల మీదుగా, తర్వాత బీచ్ (beech) అనే చెట్ల అడవిలోంచి దారి సాగుతుంది. అసలు పరీక్ష చివర్లో ఉంది. శిఖరం దగ్గరి గట్టు సన్నగా ఉంటుంది, రెండు పక్కలా లోయ, చేతులతో పట్టుకుని పాకాల్సిన చోట్లు ఉన్నాయి. జనం అడుగులు పడీపడీ అక్కడి రాయి నున్నబడిపోయింది. ఎండరోజున అది ఆనందమే. ముందురోజు వాన పడి ఉంటే మాత్రం గట్టు మొదటి నుంచే వెనక్కి తిరగమంటాను. ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లకు, చిన్నపిల్లలకు ఇది వద్దు.

అయినా అన్‌బోతోను వదులుకోలేకపోవడానికి కారణం ‘మారి’. బాస్క్ జనం పాతకాలం నుంచి చెప్పుకునే కొండదేవత. ఆమె ఇల్లు ఈ కొండ తూర్పు ముఖంలోని గుహ. ఆమె గుహలోకి వెళ్తే కూర్చోకూడదట, వీపు చూపకుండా వచ్చినదారినే వెనక్కి నడవాలట, ఆమెను ‘మీరు’ అనకూడదట, ‘నువ్వు’ అనే పిలవాలట. రాముణ్ణి, వెంకన్నను, ఊరి అమ్మవారిని నువ్వనే పిలుచుకునే మనకు ఆ మాట ఎంత దగ్గరగా అనిపిస్తుందో! ఆ గుహ దాకా వెళ్లే దారి మాత్రం ప్రమాదకరం. కింద నుంచే దణ్ణం పెట్టుకోండి.

ఇచినా గురించి తక్కువే చెబుతాను. గోర్బేయా కొండ పక్కన ఉన్న ఈ రాతి పీఠభూమి అందంలో మిగతా రెండింటికీ తీసిపోదు. అచులౌర్ అనే రాతి కమాను, సుపెలెగోర్ గుహ చూసి తీరాల్సినవి. కానీ లోపల అంతా గుంతలు, బీటలు, నాచు పట్టిన బండలు, వాటి మధ్య చెట్లు. ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. పొగమంచు దిగితే పదడుగుల దూరంలోని దారిగుర్తు కూడా కనిపించదు. దారి తెలిసిన మనిషి తోడుంటేనే వెళ్లండి. లేదంటే ఇచినాకు దారి మొదలయ్యే పాగోమకుర్రే నుంచే గోర్బేయా శిఖరానికి వెళ్లండి. 1482 మీటర్లు, వెడల్పాటి దారి, పైన పెద్ద ఇనుప శిలువ.

ఇక ఐస్కోర్రి. అరాంత్సాసులో పేరున్న మేరీమాత గుడి ఉంది. గోపురాల నిండా వజ్రాల్లా చెక్కిన ముళ్లరాళ్లు, ముఖద్వారం పైన శిల్పి ఒతేయ్‌సా చెక్కిన 14 మంది అపొస్తలులు. బైబిల్లో 12 మందే కదా అని లెక్కపెట్టుకుంటూ నిలబడిపోతాం. అక్కడి నుంచి అడవిలో గంటపాటు ఎక్కితే ఊర్బియా వస్తుంది.

దారిలో ముసలి బీచ్ చెట్లను చూడండి. మొండెం పొట్టిగా, లావుగా ఉంటుంది, తలెత్తు నుంచి కొమ్మలు చేతివేళ్లలా పైకి లేస్తాయి. ఇనుము కరిగించే కొలిమిలకు బొగ్గు కావాలి. చెట్టును నరికితే మళ్లీ రాదని కొమ్మలే కొట్టి బొగ్గు కాల్చుకునేవారు. ఆ గొడ్డలి దెబ్బల ఆకారమే చెట్టుకు మిగిలింది.

అడవి దాటగానే ఒక్కసారిగా ఆకాశం విచ్చుకున్నట్టు పచ్చిక మైదానం. నిజం చెప్పాలంటే నా మనసు శిఖరం మీద కన్నా ఈ ఊర్బియా మీదే ఎక్కువ. ఎండాకాలమంతా లాచా జాతి గొర్రెల మందలు ఇక్కడే మేస్తాయి. పొడుగు బొచ్చు నేలకు రాసుకుంటుంటే, మెడలో గంటలు మోగుతుంటే అవి మన పక్కనుంచే పోతాయి. ఇదియసాబల్ చీజ్ ఈ పాలదే. ఒకప్పుడు కాపరుల గుడిసెలకు పొగగొట్టాలు ఉండేవి కావు. అటకమీద దాచిన చీజ్‌కు పొయ్యి పొగ పట్టేది, ఆ రుచికే పేరొచ్చింది.

ఊర్బియా నుంచి శిఖరానికి ఇంకో గంటన్నర. పైన, 1528 మీటర్ల ఎత్తులో, చిన్న రాతి గుడి. దక్షిణాన మనం వచ్చిన మెత్తటి పచ్చిక, ఉత్తరాన కాళ్ల కిందే నిట్టనిలువు కొండచరియ, అడుగున సెగామా ఊరు. బాస్క్ స్వయంపాలిత ప్రాంతంలోనే ఎత్తైన శిఖరం ఐచూరి, 1551 మీటర్లు, అదే గట్టు మీద ఇంకొంచెం ముందుకు. ఆ గట్టు ఎగుడుదిగుడు రాయి, కాళ్లలో సత్తువ ఉంటేనే వెళ్లండి.

ఓత్సౌర్తే అనే చోటి నుంచి సాన్ అద్రియాన్ సొరంగం మీదుగానూ ఐస్కోర్రి ఎక్కొచ్చు. కొండకు ఆ పక్క నుంచి ఈ పక్కకు ప్రకృతే తొలిచిన గుహ అది, సాంతియాగో అనే క్రైస్తవ పుణ్యక్షేత్రానికి వెళ్లే యాత్రికులు శతాబ్దాలుగా నడిచిన దారి. చరిత్రంటే ఇష్టమున్నవాళ్లకు ఆ దారే మేలు. కానీ సొరంగం దాటాక ఎక్కుడు నిట్టగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం.

నేను ఐస్కోర్రి వైపు మొగ్గడానికి అసలు కారణం పొగమంచే. ఈ కొండల్లో అది ఎప్పుడైనా రావచ్చు. అన్‌బోతో గట్టు మీద ఉండగా వస్తే భయం, ఇచినాలో వస్తే దారి తప్పడం. ఊర్బియాలో ఉండగా వస్తే శిఖరం మానేసి, అక్కడి చిన్న సత్రం తెరిచి ఉంటే వేడివేడిగా ఏదైనా తిని, వచ్చిన వెడల్పాటి దారినే దిగిపోవచ్చు. ముసలి తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చి ఉన్నా, ఓపిక ఉంటే మెల్లగా ఊర్బియా దాకా నడిపించవచ్చు. మే చివర్లోనో, అక్టోబరులో బీచ్ ఆకులు రాగిరంగుకు తిరిగేటప్పుడో వెళ్లండి.