లాసిక్ చేయించుకుని 5 ఏళ్లు: కళ్లలో తడి గురించి

మైనస్ 5.5 పవర్ ఉన్న నాకు లాసిక్, అంటే కళ్లజోడు అక్కర్లేకుండా లేజర్‌తో చేసే కంటి ఆపరేషన్, అయిన మర్నాడు పొద్దున్నే మంచం మీద నుంచే గోడ గడియారం కనిపించింది. ఏడుపొచ్చేసింది. ఆ వారంలోనే ఆఫీసులో నలుగురికి చేయించుకోమని చెప్పాను. చూపు విషయంలో ఇప్పటికీ అదే మాట. కానీ కళ్లలో తడి తగ్గే సంగతి అప్పుడు వాళ్లకు చెప్పలేదు, నాకూ తెలియదు.

మూడో నెలలో హైదరాబాద్ నుంచి కాకినాడకు ఏసీ బస్సులో వెళ్తున్నాను. గాలి నేరుగా ముఖానికే కొడుతోంది. తెల్లవారుజామున మెలకువ వచ్చి కళ్లు తెరవబోతే కుడి రెప్ప కంటికి అంటుకుపోయింది. బలవంతంగా తెరిచేసరికి ఇసుకతో గీసినట్టు మంట, ఆగకుండా నీళ్లు. ఫ్లాప్ (ఆపరేషన్‌లో కోసి తెరిచి మళ్లీ మూసిన కంటి పైపొర) కదిలిపోయిందేమోనని వణికిపోయాను. నలపకూడదన్నారు కదా, చేతులు ఒళ్లో బిగించుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. ఇంటికి వెళ్లగానే అమ్మ నందివర్ధనం పూలు కోసుకొచ్చి కళ్ల మీద పెట్టింది. చల్లగా ఉంది కానీ మంట తగ్గలేదు.

ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేస్తే "లాసిక్ తర్వాత ఇది మామూలే మేడమ్, డ్రాప్స్ వేసుకోండి" అన్నారు. తిరిగొచ్చి చూపించుకుంటే అక్షరాల చార్టు చదివించి, "6/6 వచ్చింది, ఇంకేం కావాలి?" అన్నారు. నా కోపమంతా ఆ మాట మీదే. చూపు కొలిచారు, నొప్పి గురించి ఒక్క ప్రశ్న అడగలేదు.

తర్వాతి సెలవుల్లో కాకినాడలో ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ సన్నటి కాగితం ముక్క కింది రెప్పలో పెట్టి 5 నిమిషాలు ఉంచారు. షిర్మర్ టెస్ట్ అంటారట. కుడి కన్ను 4 మిల్లీమీటర్లే తడిసింది. 10 దాటాలన్నారు. "మరి అన్ని నీళ్లు కారుతున్నాయి కదండీ" అంటే, కన్ను పొడిబారి మండినప్పుడు ఒక్కసారిగా కారే నీళ్లు వేరు, ఎప్పుడూ కంటిని కప్పి ఉంచే తడి వేరు అన్నారు. ఫ్లాప్ కోసేటప్పుడు కంటి నల్లగుడ్డు మీదుండే గాజులాంటి పొర, కార్నియాలోని నరాలు తెగుతాయట. అవి మళ్లీ పెరిగేదాకా పొడిబారిన సంగతి మెదడుకు సరిగా అందదు, రెప్ప ఆర్పడమూ తగ్గుతుంది. నాకైతే 8 ఏళ్ల కాంటాక్ట్ లెన్సులు, ఏసీ గదిలో రోజుకు 10 గంటల స్క్రీన్ కూడా తోడయ్యాయి.

నేను రోజుకు ఎనిమిదిసార్లు వేసుకుంటున్న సీసాలో ప్రిజర్వేటివ్ (చుక్కలు చెడిపోకుండా కలిపే రసాయనం) ఉందని, అన్నిసార్లు వేస్తే అదే కంటికి పడదని చెప్పి, ఒక్కసారి వాడి పారేసే చిన్న గొట్టాలు రాశారు. పొద్దున, రాత్రి 10 నిమిషాలు గోరువెచ్చని గుడ్డతో కాపడం. కన్నీటి తడి పెరగడానికి సైక్లోస్పోరిన్ అనే మందు చుక్కలు రోజుకు రెండుసార్లు. వేసిన ప్రతిసారీ మండేవి, రెండు నెలలకు గానీ తేడా తెలియలేదు. కన్నీళ్లు జారిపోయే సన్నటి రంధ్రాలకు ప్లగ్‌లు కూడా పెట్టారు. పద్నాలుగో నెలకు రాత్రుళ్లు హాయిగా నిద్రపోగలిగాను.

ఆవిడ పాత ఫైల్ అడిగారు. నా దగ్గర బిల్లు తప్ప ఏమీ లేదు. లాసిక్‌తో కార్నియా పలచబడ్డాక కంటి ప్రెషర్ తక్కువగా చూపిస్తుందని, రేపు శుక్లాల ఆపరేషన్‌కు లెన్స్ లెక్క కట్టడానికి ఆపరేషన్ ముందు కొలతలు ఉంటే మంచిదని అన్నారు. ఆ కాగితాల కోసం ఆసుపత్రికి మూడుసార్లు తిరిగాను.

ఇప్పుడు రోజుకు రెండు చుక్కలతో సరిపోతోంది, చలికాలంలో నాలుగు. రాత్రి డ్రైవింగ్ సమస్య లేదు. మళ్లీ చేయించుకుంటావా అంటే, నాలా గంటలకొద్దీ స్క్రీన్ చూసే ఉద్యోగం కానివాళ్లకు, లెన్సులు ఎక్కువ వాడనివాళ్లకు నా అంత ఇబ్బంది ఉండకపోవచ్చు. నేనైతే ముందు కళ్ల పొడి తగ్గించుకుని అప్పుడు ఆలోచించేదాన్ని. వచ్చే నెల తమ్ముడు లాసిక్ కోసం చూపించుకోవడానికి వెళ్తున్నాడు. ఆ కాగితం టెస్ట్ చేయకుండా తేదీ ఇస్తే ఒప్పుకోవద్దని చెప్పాను. నేనూ వెంట వెళ్తున్నాను.