డబుల్ డెసిషన్: ఒక బ్రెయిన్ ట్రైనింగ్ ఆట మీద కాంటా గుమాస్తా రివ్యూ

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కాంటా దగ్గర గుమాస్తాను. హెచ్‌ఐవీ పాజిటివ్ అని తెలిసి చాలా ఏళ్లయింది. మందులు తప్పను, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) అదుపులోనే ఉంది. నా ఇబ్బంది వేరే. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో ట్రాక్టర్లు వరస కడితే, స్క్రీన్ మీది బరువూ బండి నంబరూ రెండూ ఒక్క చూపులో పట్టుకోలేకపోయేవాణ్ని. ఒకటి చూసేసరికి రెండోది జారిపోయేది. వెనక హారన్లు, నాకు టెన్షన్.

హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్లో డాక్టరుగారు నాలుగు పదాలు చెప్పి, కాసేపాగి అవి మళ్లీ చెప్పమని అడిగారు. బొటనవేలూ చూపుడువేలూ ఎంత వేగంగా తాకించగలనో చూశారు. థైరాయిడ్, బీ12 పరీక్షలు రాశారు. మందులు బాగా పనిచేస్తున్నా కొందరిలో ఆలోచన వేగం, ధ్యాస మందగిస్తాయని, దానికంటూ విడిగా మాత్ర లేదని చెప్పారు. కంప్యూటర్ మీద చేసే బ్రెయిన్ ట్రైనింగ్ గురించి అప్పుడే విన్నాను.

మొదట హైదరాబాద్‌లో ఒక సెంటర్‌కి పోయాను. పేరు రాయను. అక్కడ ఫారంలో జబ్బు పేరు నింపాలట. నేను ఖాళీగా వదిలేస్తే రిసెప్షన్ అమ్మాయి అందరి ముందూ "ఏం జబ్బు సార్?" అని గట్టిగా అడిగింది. కోర్టు చెబితే తప్ప మన హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టమని ఎవరూ బలవంతం చేయకూడదని 2017 చట్టంలోనే ఉంది. పైగా మెమరీ డబుల్ అవుతుందని గ్యారంటీ ఇచ్చారు. అట్లాంటి మాటలకే 2016లో అమెరికాలో బ్రెయిన్ గేమ్స్ అమ్మే ల్యూమోసిటీ కంపెనీ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 20 లక్షల డాలర్లు కట్టి సెటిల్ చేసుకోవాల్సి వచ్చింది. లేచి వచ్చేశాను.

నా బిడ్డ నర్సింగ్ చదువుతుంది. బ్రెయిన్‌హెచ్‌క్యూ అనే బ్రెయిన్ ట్రైనింగ్ వెబ్‌సైటులో డబుల్ డెసిషన్ అనే వ్యాయామాన్ని తనే వెతికి తీసింది. "నాయినా, నీలాంటి వాళ్ల మీదనే చేసి చూసిండ్రు" అన్నది. అమెరికాలో బర్మింగ్‌హామ్‌లోని అలబామా యూనివర్సిటీ వాళ్లు 2012లో అచ్చువేసిన చిన్న అధ్యయనం అది, హెచ్‌ఐవీ ఉన్న 46 మందితో. ఈ రకం వేగం శిక్షణ పది గంటలు తీసుకున్నవాళ్లకు చూపు వేగం పెరిగిందట, రోజువారీ పనుల పరీక్షలో కూడా కొంత నయంగా చేశారట. 46 మంది తక్కువే కదా అని నేనంటే, "అందుకే చిన్నదని చెప్పిన" అని నవ్వింది.

ఆట ఇట్లుంటది. తెర మధ్యలో కారో లారీయో తళుక్కుమంటుంది, అంచున ఎక్కడో రోడ్డు బోర్డు. రెండూ మాయమైపోతాయి. నడుమ ఏ బండి వచ్చింది, బోర్డు ఏ పక్కన ఉంది అని అడుగుతుంది. సరిగ్గా చెప్పినకొద్దీ బొమ్మ కనిపించే సమయం తగ్గుతుంది, రెండు బండ్లూ ఒకే తీరుగా కనిపించడం మొదలవుతుంది, చుట్టూ వేరే బొమ్మలు వచ్చి కళ్లను లాగుతాయి. నిజం చెప్పాలంటే ఇది నా డ్యూటీనే, వడ్ల దుమ్ము ఒక్కటే తక్కువ! ఫోన్లో అంచులు దగ్గరగా ఉంటాయి కాబట్టి నాకు ల్యాప్‌టాపే నచ్చింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటి. ఎక్కడా జబ్బు పేరు లేదు. మా తమ్ముడు వెనక నిలబడి చూసి, "అన్నా, ఈ వయసులో కార్ల గేమా?" అని పోయాడు. మాలాంటి వాళ్లకు అదెంత నిమ్మళమో మాకే తెలుసు.

డబ్బు సంగతి. మేం చూసినప్పుడు నెలకు సుమారు 14 డాలర్లు, అంటే వెయ్యి రూపాయలు దాటుతుంది. నాకు జీతం ఉంది, సరే. నెలకు 2,016 రూపాయల పింఛను మీద బతికేవాళ్లకు అందులో సగానికి పైగా దీనికే పోతుంది. వాళ్లను కొనమని నేను చెప్పను. రోజుకో వ్యాయామం ఉచితంగానే ఇస్తారు, అది చాలు.

ఇక ఫలితం. బండి నంబరు, బరువు కలిపి చూడటం ముందుకన్నా తేలికైంది. మిల్లు ఓనరు చెప్పిన పని మరచిపోవడం మాత్రం అట్లనే ఉంది, దానికి చీటీ రాసుకోవాల్సిందే. ఈ ఆట పని వేగం, మెమరీ కాదు. 65 ఏళ్లు దాటిన 2,832 మందితో అమెరికాలో చేసిన ఆక్టివ్ అనే పెద్ద అధ్యయనంలోనూ 2002లో అదే తేలింది: వేగం నేర్చినవాళ్లకు వేగం, మెమరీ నేర్చినవాళ్లకు మెమరీ. ఒకటి నేర్చుకుంటే రెండోది రాలేదు.

ఇంకో అనుమానం కూడా ఉంది. అదే రోజుల్లో డాక్టరు నా మందు మార్చారు. ఎఫావిరెంజ్ పోయి డోలుటెగ్రావిర్ వచ్చింది. రాత్రి పిచ్చి కలలు ఆగి నిద్ర పట్టింది. నా చురుకులో ఆటది ఎంత, నిద్రది ఎంత అంటే విడదీసి చెప్పలేను. బిడ్డ మాత్రం ఆటే అంటుంది, తను వెతికింది కదా.

అయిదుకు మూడున్నర స్టార్లు ఇస్తాను. సీజన్ అయిపోయింది కాబట్టి ఈ నెల డబ్బు కట్టలేదు. ఉచితంగా ఆ రోజు ఏది వస్తే అది ఆడుతున్నాను. వానాకాలం వడ్లు దిగే ముందు మళ్లీ కడతాను.