మంటను ఊది ఆర్పే ట్యాంకు: 1:72 ‘బిగ్ విండ్’ నమూనాపై సమీక్ష

పదకొండు వారాలు ఎదురుచూసిన తరువాత గత నెలలో నా చేతికి అందిన ఈ నమూనా (అసలు బండి కొలతలో 72వ వంతు) పొడవు సుమారు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, వెడల్పు నాలుగుకు కొంచెం పైన. అడుగున రెండో ప్రపంచ యుద్ధం నాటి టీ-34 ట్యాంకు ఉంది. ఫిరంగి ఉండవలసిన చోట మిగ్-21 యుద్ధ విమానపు జెట్ ఇంజిన్లు రెండు పక్కపక్కన కూర్చున్నాయి. వాటి నోళ్ల మీదికి ఆరు నీటి గొట్టాలు వంగి ఉన్నాయి. మా ఇంటికి వచ్చినవారంతా దీన్ని ఎవరో ఊహించి గీసిన బండి అనుకున్నారు. ఇది నిజంగా ఉన్న వాహనమే. హంగరీ దేశస్థులు దీన్ని తయారుచేసి, 1991లో కువైట్ చమురు బావుల మంటలు ఆర్పడానికి తీసుకువెళ్లారు.

సమీక్షలోకి వెళ్లే ముందు ఆ బండి చేసే పని చెప్పాలి, ఎందుకంటే ఈ నమూనా బాగోగులను నేను ఆ పనితోనే కొలిచాను. చమురు బావి మంట ఇంటికో గడ్డివాముకో అంటుకున్న మంట వంటిది కాదు. భూగర్భ పీడనానికి చమురూ వాయువూ స్తంభంలాగా పైకి చిమ్ముతుంటే మంట ఆ స్తంభాన్ని పట్టుకొని మండుతూ ఉంటుంది. కింది నుంచి ఇంధనం తగ్గకుండా వస్తున్నంత సేపూ మామూలు గొట్టాలతో కొట్టే నీళ్లకు అది లొంగదు. మంటకూ ఇంధనానికీ ఉన్న సంబంధాన్ని కాసేపు తెంచాలి. తెంచిన వెంటనే మళ్లీ అంటుకోకుండా చుట్టూ ఎర్రగా కాలి ఉన్న ఇనుమును చల్లార్చాలి. కువైట్‌కు వెళ్లిన బృందాల్లో కొన్ని మొదటి పనికి పేలుడు పదార్థాలను వాడాయి. హంగరీ బృందం గాలిని వాడింది. రెండు జెట్ ఇంజిన్లు వదిలే గాలి కొవ్వొత్తిని ఊదినట్టు మంటను చమురు నుంచి విడదీస్తుంది. అదే గాలిలోకి ఆరు గొట్టాల నుంచి పడే నీరు తుంపరలుగా చెదిరి, ఆవిరిగా మారి, ఇనుములోని వేడిని లాగేస్తుంది. ఆ నీళ్లు ఎక్కడివంటే, అంతకుముందు బావుల నుంచి సముద్రం వైపుకు చమురు పంపిన గొట్టపు మార్గాలనే తిప్పి, సముద్రపు నీటిని ఎడారిలోకి తెచ్చుకున్నారు.

నాకు ఈ బండి మీద ఇంత మక్కువ కలగడానికి కారణం కువైట్ కాదు, కోనసీమ. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావి బ్లోఅవుట్ అయినప్పుడు నేను ఐదో తరగతి చదువుతున్నాను. మార్చి 15న ఆరేవరకు, 65 రోజుల పాటు, రాత్రిపూట మా పెరటి కొబ్బరిచెట్ల వెనుక ఆకాశం ఎర్రగానే ఉండేది. బ్లోఅవుట్ అనే మాట మా ఊరి ముసలివాళ్ల నోట కూడా అప్పుడే స్థిరపడింది, ఇప్పటికీ దానికి తెలుగు మాట కావాలని అక్కడ ఎవరూ అనుకోరు. ఆ మంటను ఎలా ఆర్పుతారని మా నాన్నగారిని రోజూ అడిగేవాణ్ణి. బిగ్ విండ్ అక్కడికి రాలేదు. అయినా కొన్నేళ్ల తరువాత దాని ఫొటో చూసినప్పుడు, ఆనాటి నా ప్రశ్నకు ఇనుముతో చేసిన జవాబు ఒకటి ఎదురుగా కనిపించినట్టు అనిపించింది.

అగ్నిమాపక వాహనాల నమూనాలు మార్కెట్లో తక్కువేమీ కావు. రోజెన్‌బౌవర్ పాంథర్ అనే విమానాశ్రయపు బండి అనేక కంపెనీల దగ్గర, అనేక కొలతల్లో దొరుకుతుంది. కొంచెం అరుదైనవి కోరేవారికి ఆక్స్‌ఫర్డ్ డైకాస్ట్ 1:76లో ‘గ్రీన్ గాడెస్’ను అందించింది. అణుదాడి జరిగితే తగలబడే నగరాలకు దూరం నుంచి నీరు పంపాలని 1950లలో బ్రిటన్ బెడ్‌ఫోర్డ్ ఛాసిస్ మీద కట్టించిన ముదురాకుపచ్చ బండి అది. ఆ దాడి జరగలేదు గాని, 1977లో అక్కడి ఫైర్‌మెన్ సమ్మెకు దిగినప్పుడు సైనికులు వాటినే నడిపారు. బిగ్ విండ్ మాత్రం నేను వెతికిన దుకాణాల్లో ఎక్కడా కనబడలేదు. అందుకే హైదరాబాదులో త్రీడీ ప్రింటర్ మీద రెసిన్ నమూనాలు చేసే ఒక యువకుణ్ణి ఆశ్రయించాను. అతను ఇంకా దుకాణం పెట్టలేదు, తెలిసినవారికి తీరిక వేళల్లో చేసిపెడతాడు. పేరు రాయవద్దని కోరాడు కనుక రాయడం లేదు.

కొలత 1:72 ఉండాలన్నది అతని సలహా, అది మంచి సలహా. టీ-34, మిగ్-21 రెండింటికీ ఆ కొలతలో ప్లాస్టిక్ కిట్లు ఉన్నాయి కనుక తన గీతలను వాటితో సరిచూసుకోగలిగాడు. పైగా పక్కన ఒక 1:72 మిగ్-21ను నిలబెడితే, ఏ విమానపు కడుపులోని ఇంజిన్ ఇక్కడికి వచ్చిందో చూసేవారికి వెంటనే బోధపడుతుంది. మిగ్-21 ఇంజిన్లు మనకు కొత్త కావు. అరకు దాటి కొండలెక్కితే వచ్చే కోరాపుట్‌లో హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) కర్మాగారం వాటిని ఏళ్ల తరబడి తయారుచేసింది.

ఇక నమూనా సంగతి. అన్నిటికంటే బాగా కుదిరినవి ఇంజిన్లు. వేడికి రంగు మారిన లోహం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఎగ్జాస్ట్ అంచు దగ్గర గడ్డిపసుపు, దాని వెనుక ఊదా, ఆ వెనుక మసిబారిన బూడిద రంగు ఎయిర్‌బ్రష్‌తో ఒకదానిలోకి ఒకటి కరిగిపోయేలా వేశాడు. నోటిలోకి టార్చి వేసి చూస్తే లోపలి భాగాలు కూడా కనిపిస్తాయి. ఈ పరిమాణంలో అక్కడ ఒక నల్లటి చుక్క పెట్టి వదిలేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు, అతను వదిలేయలేదు. నీటి గొట్టాల అమరిక ఇంకా మెచ్చుకోదగినది. ఆరు గొట్టాల మూతులూ గాలి దారిలోకే గురిపెట్టి ఉన్నాయి. వాటిని ఒక్క మిల్లీమీటరు పక్కకు తిప్పి ఉంటే బండి అలాగే కనిపించేది కాని, నీరు గాలిలో కలిసే కిటుకు చూసేవారికి తెలియకుండా పోయేది. మా పన్నెండేళ్ల అమ్మాయి ఎవరూ చెప్పకుండానే దీన్ని చూసి, ‘నీళ్లు గాలిలో పోస్తారా నాన్నా?’ అని అడిగింది. పని చేసే యంత్రపు నమూనాకు ఇంతకు మించిన పరీక్ష ఉందని నేను అనుకోను.

ట్యాంకు చక్రాల పట్టీ దగ్గర మాత్రం లోపం ఉంది. టీ-34కు ఒక్కో వైపు ఐదు పెద్ద చక్రాలుంటాయి, పట్టీని పై నుంచి మోసే చిన్న చక్రాలు ఉండవు. కాబట్టి పట్టీ పైభాగం ఆ పెద్ద చక్రాల మీదే ఆనుకొని, వాటి మధ్య కొంచెం జారినట్టు వేలాడుతుంది. దూరం నుంచి కూడా టీ-34ను గుర్తుపట్టించే ఆనవాలు అది. ఈ నమూనాలో పట్టీ గీసిన గీతలాగా తిన్నగా ఉంది, చక్రాలకూ దానికీ మధ్య వెలుతురు కనిపిస్తోంది. అడిగితే, వంపుతో ప్రింటు చేసినప్పుడు రెండుసార్లు విరిగిందని, మూడోసారి తిన్నగా చేశానని నిజం చెప్పాడు. అతని ఇబ్బంది అర్థమవుతుంది గాని, టన్నుల కొద్దీ ఇనుము బరువు తెలియవలసిన చోట తెలియడం లేదు. పక్క పలకల మీద ప్రింటు పొరల సన్నని గీతలు కూడా మిగిలాయి. ఉప్పుకాగితంతో ఇంకొక గంట రుద్ది, ప్రైమర్ మరో పూత వేసి ఉంటే పోయేవి. ఎరుపు రంగు నిగనిగ కూడా ఎక్కువైంది. చమురు వానలో తడిసి, ఇసుక అంటి, మసి పట్టిన బండి అది. కార్ఖానా నుంచి అప్పుడే బయటికి వచ్చినట్టు చూపడం ఒక పద్ధతి కావచ్చు, కాని ఇంజిన్లకు మసి పూసి ఒళ్లంతా కొత్తగా ఉంచితే రెండూ ఒకే బండివిగా కనిపించవు.

నాకు అన్నిటికంటే నచ్చినది బండి మీద లేదు, బండి పక్కన ఉంది. బిగ్ విండ్‌ను ముగ్గురు నడిపేవారు. ఒకరు లోపల కూర్చొని ట్యాంకును తోలతారు. ఇంకొకరు వెనుక క్యాబిన్లో ఇంజిన్లనూ నీటినీ చూసుకుంటారు. మూడో మనిషి, బృందానికి పెద్ద, బయట బండి పక్కనే నడుస్తూ ఎంత ముందుకు పోవాలో, ఎప్పుడు ఊదాలో ఆజ్ఞలిస్తాడు. లోపలివారికి ఇనుప పలకల అడ్డం ఉంది. ఆయనకు ఒంటి మీది దుస్తులే అడ్డం. నేను ఆర్డరు ఇచ్చినప్పుడు ఈ మనిషిని అడగలేదు, అతను చదివి తెలుసుకొని తనంతట తానే చేశాడు. రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు కూడా లేని ఆ బొమ్మ ముఖం వేడికి కొంచెం పక్కకు తిరిగి ఉంటుంది, ఒక చెయ్యి మాత్రం ముందుకే చాచి ఉంటుంది. పాశర్లపూడి మంట దగ్గర పనిచేసినవారిని నేను చిన్నప్పుడు చూడలేదు, దగ్గరికి పోనివ్వలేదు. ఈ బొమ్మను చూసినప్పుడల్లా వారెవరో నాకు తెలియని లోటు కొంత తీరుతుంది.

ధర 7,200 రూపాయలు, పంపిణీ ఖర్చు వేరు. కార్ఖానాలో అచ్చుపోసిన చిన్న లోహపు నమూనాతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. ఒక్కటే చేసే వస్తువుకు గీతలు గీయడం, ప్రింటు, రంగు, మనిషి శ్రమ కలిపి లెక్కవేస్తే అన్యాయమైన ధర కాదు. చెప్పిన గడువు ఏడు వారాలు, పట్టినది పదకొండు. ఆలస్యమవుతున్న ప్రతిసారీ ఫొటో పంపి కారణం చెప్పాడు. పెట్టెలో నురుగు దిమ్మను నమూనా ఆకారానికే కోసి అమర్చాడు గాని, గొట్టాల చివరల దగ్గర ఖాళీ వదలకపోవడంతో దారిలో ఒకటి విరిగింది. విరిగిన ముక్కకు బదులు కొత్తది వారంలోపే పంపాడు. దాన్ని సూపర్ గ్లూతో నేనే అతికించాను. ఆర్డరు ఇచ్చేవారు గొట్టాలను విడిగా పంపమని ముందే చెప్పడం మంచిది.

రెండో ఆర్డరు కూడా అతనికే ఇచ్చాను. ఈసారి న్యూయార్క్ అగ్నిమాపక శాఖ 1965లో ప్రవేశపెట్టిన ‘సూపర్ పంపర్’. ఎస్ఎస్ యునైటెడ్ స్టేట్స్ నౌకను రూపొందించిన విలియం ఫ్రాన్సిస్ గిబ్స్ ఆలోచన అది. మాక్ కంపెనీ లారీ ముందుభాగం లాగే ఒక ట్రైలరులో 18 సిలిండర్ల నేపియర్ డెల్టిక్ డీజిల్ ఇంజిన్‌ను పెట్టి, నిమిషానికి 8,800 గ్యాలన్ల నీరు తోడేలా కట్టారు. బ్రిటన్ రైలు ఇంజిన్లలోనూ యుద్ధ పడవల్లోనూ వాడిన ఇంజిన్ రోడ్డెక్కి నిప్పు మీదికి వెళ్లింది. బయటి నుంచి చూస్తే అది పెద్ద ఎర్ర లారీ మాత్రమే. దాని విశేషమంతా లోపలే ఉంది కనుక ట్రైలరు పక్క తలుపు ఊడదీయడానికి వీలుండాలని, లోపల మూడు క్రాంక్ షాఫ్టులు (పిస్టన్లు తిప్పే ఇరుసులు) త్రికోణంగా అమరిన ఆ ఇంజిన్ కనిపించాలని కోరాను. చక్రాలు తిరగకపోయినా ఫరవాలేదన్నాను. అతను నవ్వి, ‘ఇంజిన్ ముందు చేసి ఫొటో పంపుతాను, అన్నా! అది కుదిరితేనే లారీ మొదలుపెడదాం’ అన్నాడు. మొదటి ఫొటో నిన్న వచ్చింది. త్రికోణం సరిగ్గానే ఉంది.