కారం దోశ, రెండు ఆటలు, ఒక ప్లగ్ పాయింట్

కడపలో తెల్లారి ఐదు గంటలకే పొయ్యి వెలిగించే హోటల్ కోసం నేనెందుకు వెతికానంటే, టొరంటోలో మూడేళ్ళు చదువుకుని వస్తూ రెండు జబ్బులు అంటించుకుని వచ్చాను. బేస్‌బాల్‌లో బ్లూ జేస్, ఐస్ హాకీలో మేపుల్ లీఫ్స్, రెండూ ఆ ఊరి టీంలే. మ్యాచ్‌లు మొదలయ్యే వాళ్ళ సాయంత్రం ఏడంటే మనకు తెల్లవారుజామున నాలుగున్నర, నవంబర్‌లో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకున్నాక ఐదున్నర. ఇంట్లో చూస్తూ అరిస్తే అమ్మ ఊరుకోదు. అట్లా దొరికింది ఏడు రోడ్ల దగ్గర సందులో ఉన్న ఈ నాలుగు బెంచీల హోటల్.

దోశ సంగతి ముందు. ఎర్రకారం అంచుల దాకా పూస్తారు, పప్పుల పొడి పిసినారితనం లేకుండా చల్లుతారు. చట్నీ మాత్రం నీళ్ళు, ఎన్నిసార్లు చెప్పినా అంతే.

ఇక ఆటలు. బేస్‌బాల్‌కి ఈ హోటల్ సరిగ్గా సరిపోతుంది. బేస్‌ల మీద (పరుగు తీసేవాళ్ళు ఆగే చోట్లు) ఎవరూ లేనప్పుడు పిచర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, బంతి వేయడానికి 15 సెకన్లు, ఎవరైనా ఉంటే 18. ఆ గ్యాప్‌లో ఒక ముక్క తుంచి కారంలో అద్దుకుని నోట్లో పెట్టుకోవచ్చు. హాకీతో ఆ సుఖం లేదు. ముప్పావు నిమిషానికోసారి ఆటగాళ్ళే మారిపోతుంటారు, చేతికంటిన కారం నాకేలోపు గోల్ పడిపోయి ఉంటుంది. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య 18 నిమిషాల విరామం ఉంటుంది కాబట్టి, రెండో పీరియడ్ ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా ఆర్డర్ ఇస్తే దోశ టైంకి వస్తుంది. ఇది నేర్చుకోవడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

2025 మే నెలలో లీఫ్స్ సొంత ఊళ్ళో సిరీస్ తేల్చే ఏడో మ్యాచ్‌లో ఫ్లోరిడా చేతిలో 6-1తో ఓడిన పొద్దున సగం దోశ వదిలేసి లేచాను. ఓనర్ అన్న 'కారం ఎక్కువైందేమోలే' అనుకుని మరుసటి రోజు తగ్గించాడు. 1967 తర్వాత హాకీలో పెద్ద కప్పైన స్టాన్లీ కప్పు ఒక్కసారి కూడా గెలవని టీం అని ఆయనకెట్లా చెప్పేది?

బ్లూ జేస్ నయం, బేస్‌బాల్ ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్ 92లో, 93లో వరుసగా గెలిచారు. అందుకేనేమో, 2025 అక్టోబర్‌లో రెండు ఆటలూ ఒకేసారి నడుస్తుంటే ఫోన్‌లో బేస్‌బాల్ పెట్టి లీఫ్స్ స్కోరు మాత్రం మధ్యమధ్యలో దొంగచూపులు చూసుకున్నాను. టొరంటోలో ఆ రెండు స్టేడియాల మధ్య నడిచిపోయేంత దూరమే. ఇక్కడ ఆ దూరం దాటడానికి వేలితో ఒక్క నొక్కు చాలు, అయినా నొక్కలేదు. ఆ తప్పు ఇంకా గుచ్చుతూనే ఉంది.

లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్ 18 ఇన్నింగ్స్ నడిచింది (మామూలుగా తొమ్మిదే), ఆరు గంటల ముప్పై తొమ్మిది నిమిషాలు. పదకొండుకి టిఫిన్లు అయిపోయాయి. పిల్లోళ్ళు నేల కడుగుతుంటే కాళ్ళు బెంచీ మీద పెట్టుకుని చూశాను. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఫ్రీమన్ హోమ్ రన్ కొట్టి డాడ్జర్స్‌ని గెలిపించాడు. నా మొహం చూసి వాళ్ళు తినే పప్పన్నమే నాకూ పెట్టారు, బిల్లులో వేయలేదు.

నవంబర్ 2 ఆదివారం, ఏడో మ్యాచ్. ఆ రోజే నవీ ముంబైలో మహిళల వరల్డ్ కప్ ఫైనల్, మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆడుతోంది కాబట్టి హోటల్లో అందరి నోటా అదే మాట. 'మనది మధ్యాహ్నం కదబ్బా, అంతవరకు నీది పెట్టుకో' అని టీవీ నాకిచ్చేశాడు అన్న. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ ఆటగాడు రోహాస్ కొట్టిన బంతి ఫెన్స్ దాటి స్కోరు సమం కాగానే పక్క బెంచీ పెద్దాయన 'బయట పడితే ఆరు కాదా, ఒకటేనా?' అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదకొండో ఇన్నింగ్స్‌లో 5-4తో పోయింది. రాత్రికి మనవాళ్ళు కప్పు గెలిచారు కాబట్టి ఆ రోజును పూర్తిగా తిట్టుకోలేను.

లోపాలు: ప్లగ్ పాయింట్ వదులు, ఛార్జర్‌ని చేత్తో అదిమి పట్టుకోవాలి. గ్రైండర్ పక్కనే తిరుగుతుంటుంది, కామెంటరీ వినబడదు. ఆట చూడ్డానికి ఈ హోటల్‌కి నా మార్కులు: బేస్‌బాల్‌కి ఐదుకి నాలుగున్నర, హాకీకి మూడు. ప్లగ్ దగ్గరి బెంచీ జూన్ దాకా నాది, ఆరు లోపల వచ్చేవాళ్ళు ఇంకోటి చూసుకోండి.