పిల్లల బెంగకు 14416 ఫోనా, కర్నూలు పెద్దాసుపత్రా?

మిరప కోతలకు అమ్మానాన్నలు గుంటూరు వలసపోతే, ఆదోని, కోసిగి పల్లెల్లో అవ్వ దగ్గర మిగిలిన పిల్లలు కొందరు బెంగ పెట్టుకుంటారు. పొద్దున్నే కడుపునొప్పి, బడికి పోనని ఏడుపు.

ఖర్చు: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆసుపత్రికైతే బస్సు చార్జీలు, పోయిన కూలి.

శ్రమ: ఫోన్ ఇంట్లోంచే. పెద్దాసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి ఒక్కసారి పోతే చాలదు.

పనితీరు: అసలు తేడా ఇక్కడే. ఆరేళ్ల పిల్లకు తన భయాన్ని ఫోన్లో చెప్పడం చేతకాదు. ఆడుతూ, బొమ్మలు గీస్తూ బయటపెడుతుంది. అది కనిపెట్టాలంటే ఎదురుగా కూర్చోవాలి. కాస్త పెద్దపిల్లలకు భయాన్ని మెట్టుమెట్టుగా ఎదుర్కోవడం నేర్పుతారు: మొదట బడి గేటు దాకా, తర్వాత ఒక పీరియడ్, ఆపైన ఒక పూట. ఏడ్చిందని రోజూ ఇంట్లోనే ఉంచుకుంటే భయం ముదురుతుంది. ఈ సంగతి అవ్వకు విడమరిచి చెప్పడానికి మాత్రం ఫోన్ బాగా పనికొస్తుంది.

రిస్కు: కడుపునొప్పి వెనక వేరే జబ్బుంటే ఫోన్లో తేలదు. ఆసుపత్రికి పోతే ఊళ్లో ఏమంటారో అని టెన్షన్. పిల్ల కంటే ఆ మాటలు ఎక్కువ కాదు.

మార్పు కొత్తదై, తిండీ నిద్రా బాగుంటే ముందు 14416. వారాలు గడిచినా బడికి పోకపోతే, తిండి మానేస్తే కర్నూలు తీసుకెళ్లండి. చచ్చిపోతానని అంటే వెంటనే.