కదలని చీలమండతో 9 ఏళ్లు: ఫ్యూజన్ ఆపరేషన్ మీద నా అనుభవం

నా ఎడమ చీలమండ కీలు కదలడం ఆగిపోయి 9 ఏళ్లు దాటింది. కావాలని ఆపేయించుకున్నాను. మోకాలి కింద ఉండే పెద్ద ఎముకనీ దాని కింద పాదంలో ఉండే ఎముకనీ మూడు స్క్రూలతో బిగించి ఒకే ఎముకగా అతికించేశారు. దీన్నే యాంకిల్ ఫ్యూజన్ అంటారు. ఎక్స్‌రే చేతిలో పట్టుకుని, ఒక డాక్టరు అతికించేద్దామంటే ఇంకో డాక్టరు కీలు మార్చేద్దామంటే ఎటూ తేల్చుకోలేక కూర్చున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆ స్థితిలో నేను దాదాపు ఏడాదిన్నర ఉన్నాను.

29 ఏళ్ల వయసులో నిచ్చెన మీంచి పడి చీలమండ విరిగింది. ప్లేటు వేశారు, ఎముక బాగానే అతుక్కుంది, నాలుగైదు నెలల్లో మామూలుగా నడిచాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను. పన్నెండేళ్ల తర్వాత పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే లోపల ఇసుక నలిగినట్టు ఉండటం మొదలైంది. మోకాలు, తుంటి అయితే చాలామందికి వయసుతో అరుగుతాయి. చీలమండ అలా కాదు. చీలమండ అరుగుదల ఉన్నవాళ్లు పది మంది ఉంటే అందులో ఏడెనిమిది మందికి ఎప్పుడో తగిలిన పాత దెబ్బే కారణం. అందుకే ఈ బాధ మనకి వృద్ధాప్యంలో కాకుండా, ఇంకా పనిచేసుకునే వయసులోనే వస్తుంది. అక్కడ ఎముకల చివర్లని కప్పి ఉండే గుజ్జు పొర మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. నడిచేటప్పుడు ఆ చిన్న కీలు మీద మన బరువుకి నాలుగైదు రెట్లు పడుతుంది. విరిగినప్పుడు ఆ పొర దెబ్బతింటే మళ్లీ పెరగదు.

ఆపరేషన్‌కి ముందు నాలుగేళ్లు వేరే దారులు చూశాను. నొప్పి మాత్రలు కొన్నాళ్లు పనిచేశాయి, తర్వాత కడుపులో మంట మొదలైంది. కీలులోకి ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజక్షన్ మొదటిసారి మూడు నెలలు హాయిగా ఉంచింది, రెండోసారి ఐదు వారాలు, మూడోసారి పది రోజులు. నిజంగా ఆదుకున్నవి రెండే: చీలమండని కదలనివ్వకుండా పట్టి ఉంచే బ్రేసు, అడుగు భాగం ముందువైపు పడవలా పైకి వంగి ఉండే రాకర్ బూట్లు. పాదం వంచక్కర్లేకుండా ఆ అడుగే మనల్ని ముందుకి దొర్లిస్తుంది. ఆపరేషన్ గురించి ఆలోచించే ముందు ఈ రెండూ కనీసం కొన్ని నెలలు వాడి చూడమని గట్టిగా చెబుతాను. వీటితోనే గడిచిపోతే అంతకన్నా ఏం కావాలి.

మధ్యలో ఒక తప్పు చేశాను. కీలులోకి చిన్న కెమెరా పంపి శుభ్రం చేస్తే సరిపోతుందని ఒకచోట చెప్తే చేయించుకున్నాను. కీలు ముందు భాగంలో ఎముక మొలకలు పెరిగి, పాదం పైకి వంచినప్పుడు అవి ఒరుసుకుని నొప్పి వచ్చేవాళ్లకి ఆ పని బాగా ఉపయోగపడుతుంది. నా కీలులో అప్పటికే గుజ్జు లేదు, ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. శుభ్రం చేయడానికి అక్కడ మిగిలిందేమీ లేదు. ఆరు వారాల తర్వాత నొప్పి మొదటికొచ్చింది. గుజ్జు పోయిన సంగతి నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలోనే కనిపిస్తుందని తర్వాత తెలిసింది. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో బరువు పడదు కాబట్టి ఎముకల మధ్య ఎడం ఉన్నట్టే కనిపించవచ్చు. మీరు వెళ్తే కాలి మీద బరువు పెట్టించి, నిలబెట్టి తీయించమని అడగండి.

కీలు వంకరగా ఒకవైపే అరిగి, రెండోవైపు గుజ్జు బాగున్నవాళ్లకి పైనున్న ఎముకని కోసి వాలు సరిచేసే ఆపరేషన్ ఉంది. చిన్న వయసువాళ్లకి అది చాలా విలువైనది, కీలు కీలులాగే మిగులుతుంది. నాకు రెండువైపులా పోయింది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. మిగిలినవి రెండే: అతికించడం, లేదా లోహమూ ప్లాస్టిక్కూ కలిసిన కృత్రిమ కీలు పెట్టించుకోవడం.

కీలు మార్పిడి అంటే మోకాలు మార్పిడి లాంటిదే అనుకుని మొదట దానివైపే మొగ్గాను. కదలిక పోదు కదా, ఇంకేం కావాలి అనిపించింది. నేను కలిసిన రెండో డాక్టరు గారు నా వయసు అడిగారు. 45 అన్నాను. "బరువులెత్తే పనేనా?" అన్నారు. అవునండీ, రోజంతా నిలబడే పని, మెట్లెక్కి సామాన్లు దించాలి అన్నాను. కృత్రిమ కీలు పదేళ్ల తర్వాత కూడా నూటికి ఎనభై, తొంభై మందిలో నిలుస్తుందనీ, కానీ చిన్న వయసులో, బరువు పనిలో అది త్వరగా వదులవుతుందనీ, వదులైతే దాన్ని తీసి మళ్లీ చేయడం మొదటిదానికంటే చాలా కష్టమనీ చెప్పారు. కీలు చుట్టూ ఎముక కొంత పోతుంది, అప్పుడు అతికించాలన్నా వేరేచోటి నుంచి ఎముక తెచ్చి నింపాల్సి వస్తుంది. ఇంకో మాట కూడా చెప్పారు, అది నాకు చాలా పనికొచ్చింది: కృత్రిమ కీలు వల్ల కొత్తగా కదలిక పుట్టుకురాదు, ఆపరేషన్‌కి ముందు పాదం ఎంత వంగుతోందో దాదాపు అంతే మిగులుతుంది. నా పాదం అప్పటికే సగం బిగుసుకుపోయి ఉంది. నేను కాపాడుకుందామని తాపత్రయపడుతున్న కదలికలో చాలా భాగం ఎప్పుడో పోయింది.

అయినా మనసు ఒప్పుకోలేదు. జీవితాంతం కదలని కాలు అంటే భయం వేసింది. అప్పుడు డాక్టరు గారు రెండు పరీక్షలు పెట్టారు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైనవి అవే. నిర్ణయం అక్కడే తేలిపోయింది.

మొదటిది మత్తు ఇంజక్షన్. ఎక్స్‌రే తెర మీద చూస్తూ చీలమండ కీలులోకే, కొద్ది మోతాదులో మత్తుమందు ఇచ్చారు. ఇచ్చిన అరగంటకి "లేచి మెట్లెక్కి దిగి రండి" అన్నారు. వెళ్లొచ్చాను. నొప్పి లేదు. నాలుగేళ్లలో మొదటిసారి మెట్లు దిగుతూ కమ్మీ పట్టుకోలేదు. చీలమండకి సరిగ్గా కింద మడమ దగ్గర ఇంకో కీలు ఉంటుంది, పాదం పక్కలకి వంగేది దాంతోనే. బయటికి రెండింటి నొప్పీ ఒకేచోట ఉన్నట్టు అనిపిస్తుంది. నొప్పి ఆ కింది కీలుదైతే పైది అతికించినా మార్చినా లాభం లేదు. మత్తు పైకీలులో పడగానే నొప్పి పోయిందంటే నొప్పి అక్కడిదే.

రెండోది గట్టి బూటు. మోకాలి కింది నుంచి వేళ్ల దాకా ఉండి చీలమండని అస్సలు కదలనివ్వని బూటు మూడు వారాలు వేసుకుని మామూలు పనులన్నీ చేసుకోమన్నారు. ఫ్యూజన్ తర్వాత జీవితం దాదాపు ఇలాగే ఉంటుంది, ముందే రుచి చూడండి అన్నారు. మూడు వారాలూ వేసుకున్నాను. పనికి వెళ్లాను, మెట్లెక్కాను, ఇల్లు ఊడ్చాను. మొదటి రెండు రోజులు ఇబ్బందిగా ఉంది. నాలుగో రోజు సాయంత్రం పని ముగించుకుని ఇంటికొచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది, పొద్దుటి నుంచి కాలి గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదని. ఆ రాత్రే మా ఆవిడతో చెప్పాను, అతికించేసుకుంటానని. ఆవిడ ఏమీ అనలేదు, నా కాలు తన ఒళ్లో పెట్టుకుని ఆ బూటు పట్టీలు ఒక్కొక్కటే విప్పింది.

ఆపరేషన్ కెమెరాతోనే చేశారు. కీలులో మిగిలిన గుజ్జు మొత్తం గీకేసి, ఎముక రక్తం చిందేదాకా చేసి, రెండు ఎముకల్నీ ఒత్తిపెట్టి స్క్రూలు బిగించడం అన్నమాట. పాత ప్లేటు కూడా తీసేశారు. ఒక మాట ముందే చెప్పాలి: సిగరెట్ తాగేవాళ్లు ఇందులోకి దిగకముందే మానేయాలి. ఎముక అతుక్కోకపోవడానికి అదొక పెద్ద కారణం. షుగరు ఉన్నవాళ్లు అది అదుపులో పెట్టుకోకుండా వెళ్లకూడదు.

ఆ తర్వాత 12 వారాలు చాలా కష్టంగా గడిచాయి. మొదటి ఆరు వారాలు కాలు నేలకి ఆనించకూడదు. చంకకర్రల మీద ఒంటికాలితో గెంతుతూ బాత్‌రూముకి వెళ్లడం, కాలు ఎప్పుడూ గుండెకంటే ఎత్తులో పెట్టుకుని పడుకోవడం, రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్టకి ఇంజక్షన్. మూడో వారంలో బాగా దిగులేసింది. ఇంట్లో ఒక మనిషి తోడు లేకుండా ఇది చేయించుకోవద్దు. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ, చేతికందేంత దూరంలో నీళ్లు, మెట్లు లేని గదిలో పడక ముందే సిద్ధం చేసుకోండి. ఆరు వారాల తర్వాత బూటుతో కొద్దికొద్దిగా బరువు మోపనిచ్చారు. పన్నెండో వారంలో సీటీ స్కాన్ తీసి ఎముక అతుక్కుందన్నారు.

ఫిజియోథెరపీ దగ్గర నాతో పాటు ఒక పెద్దావిడ వచ్చేవారు. 67 ఏళ్లు. ఆవిడ కీలు మార్పించుకున్నారు. ఒకరోజు పక్కపక్క బల్లల మీద కూర్చుని ఉండగా, "చూడు బాబూ, ఇదిగో" అంటూ పాదం నెమ్మదిగా పైకి, కిందికి ఆడించి చూపించారు. కీలు మీద పొడవాటి గీత, ఇంకా ఎర్రగా ఉంది, ఒకచోట పుండు మానడానికి ఆలస్యమై కట్టు కట్టారు. "నీది కదలదా మరి?" అన్నారు. కదలదమ్మా, కానీ నొప్పి లేదు అన్నాను. "నాకూ లేదులే" అన్నారు నవ్వుతూ. బరువు పనులు లేని ఆవిడకి అదే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆవిడకి రెండో చీలమండ కూడా అరిగింది, రెండూ అతికించేస్తే కుర్చీలోంచి లేవడం కూడా కష్టమయ్యేది.

నా ఆపరేషన్ అయిన కొన్నేళ్లకి, 2022లో బ్రిటన్‌లో 17 ఆసుపత్రులు కలిసి చేసిన ఒక ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 50 నుంచి 85 ఏళ్ల మధ్యవాళ్లని చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకి మార్పిడి, ఇంకో జట్టుకి ఫ్యూజన్ చేసి ఏడాది తర్వాత చూశారు. రెండు జట్లూ బాగా కోలుకున్నాయి, నడకలో ఇది గొప్ప, అది తక్కువ అని తేల్చేంత తేడా రాలేదు. మార్పిడిలో గాయం మానే ఇబ్బంది, నరం దెబ్బతినడం ఎక్కువ. ఫ్యూజన్‌లో వందకి ఏడుగురికి ఎముక అతుక్కోక బాధ మిగిలింది. ఇది చదివాక రెండింటిలో ఏది మంచిదని ఎవరైనా అడిగితే, నీ వయసెంత, పనేంటి, నీ పాదం ఇప్పుడు ఎంత వంగుతోంది అని తిరిగి అడుగుతున్నాను.

ఇక 9 ఏళ్ల వాడకం. చదును నేల మీద, రాకర్ బూట్లతో నేను నడుస్తుంటే చాలామందికి తేడా తెలియదు. చీలమండ కదలకపోయినా పాదం మధ్యలో ఉన్న చిన్న కీళ్లు కొంచెం వంగుతాయి, అవి మనకి చాలా సాయం చేస్తాయి. మెట్లు ఎక్కడం సులువు, దిగేటప్పుడు పాదం కాస్త పక్కకి తిప్పి పెడతాను. కారు క్లచ్చి తొడతో తొక్కడం నెల రోజుల్లో అలవాటైంది. ఇబ్బంది పడేది ఎక్కడంటే ఏటవాలు దిగుడులో, దున్నిన నేల మీద, మెత్తటి ఇసుకలో. గొంతుక్కూర్చోవడం పూర్తిగా పోయింది, నేలమీంచి లేవాలంటే కుడికాలి మీదే లేవాలి. పరుగెత్తలేను. చెప్పుల్లేకుండా ఇంట్లో తిరిగితే ఎడమ మోకాలు వెనక్కి నెట్టినట్టుంటుంది, అందుకే ఇంట్లో కూడా మడమ మెత్తగా ఉన్న చెప్పులు వేసుకుంటాను. పాదం ఏ కోణంలో అతికించారన్నది చాలా ముఖ్యం. పాదం కాలికి లంబంగా, కాస్త బయటికి తిరిగి ఉండాలి. వేళ్లు కిందికి వాలినట్టు అతికితే ప్రతి అడుగూ మోకాలికి శిక్షే. ఈ ప్రశ్న మీ డాక్టరుని తప్పకుండా అడగండి.

నొప్పి? ఆ పాత నొప్పి, ఇసుక నలిగినట్టుండేది, మళ్లీ రాలేదు. 9 ఏళ్లలో ఒక్కరోజూ రాలేదు. దానికోసమైతే ఇదే ఆపరేషన్ మళ్లీ చేయించుకుంటాను.

కానీ ఏడో ఏడు నుంచి మడమ కీలు దగ్గర, బయటివైపు, ఎక్కువసేపు నిలబడితే లాగడం మొదలైంది. పై కీలు చేయాల్సిన పని కింది కీళ్ల మీద పడుతుంది, అవి ఏళ్ల తరబడి మోస్తూ అరుగుతాయి. 2001లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఫ్యూజన్ అయిన 23 మందిని సగటున 22 ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, చాలామందికి అదే పాదంలో చుట్టుపక్కల కీళ్లు అరిగి కనిపించాయి. మోకాలికి మాత్రం అలా కాలేదు. ఈ విషయం ఆపరేషన్‌కి ముందే డాక్టరు గారు నాకు చెప్పారు, అందుకని కంగారు పడలేదు. నిరుడు తీసిన ఎక్స్‌రేలో నా మడమ కీలు అంచున చిన్న మొలక కనిపించింది. బూటు లోపల వేసుకునే మెత్త మార్చారు, నిలబడే పని రెండు గంటలకోసారి ఆపి కూర్చోమన్నారు. ప్రస్తుతానికి దాంతో సరిపోతోంది. ఏడాదికోసారి చూపించుకోమన్నారు, వచ్చే నెల మళ్లీ వెళ్లాలి.